పిల్లికి మూలికా వైద్యము: తెలిసి చేయవలసిన పని

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చేరువలో నున్నదాని విలువ మనకు తెలియదని పెద్దలు చేసిన ఆక్షేపణ అది. కాని పల్లెలలో నేటికిని జరుగుచున్నది ఇందుకు భిన్నము. ఇంటిలో ఎవరికి నలతగా నున్నను గృహిణి చేయి మొదట సాగునది పెరటి వైపునకు, పోపుల పెట్టె వైపునకు. దగ్గునకు తులసి, దెబ్బకు పసుపు, కడుపు నొప్పికి వాము. ఈ అలవాటు తరతరముల అనుభవము నుండి వచ్చినది. దానిని మేము తప్పు పట్టుట లేదు. అయితే అదే చేయి, అదే ధీమాతో, ఇంటి పిల్లికి జబ్బు చేసినప్పుడును అటే సాగుచున్నది. చిక్కు అక్కడ వచ్చుచున్నది. మనిషికి మేలు చేసిన ఆకు పిల్లికి మేలు చేయునను నమ్మకము లేదు. ఆవునకు ప్రాణము పోసిన మందు పిల్లి ప్రాణము తీయవచ్చును.

పంచాయతీ సభ్యులకు పిల్లి వైద్యముతో నేమి పని యని కొందరు అనుకొనవచ్చును. పల్లెలో పిల్లి ముద్దుకు పెంచు జంతువు మాత్రమే కాదు. గాదె యొద్ద, ధాన్యపు బస్తాల యొద్ద, కిరాణా కొట్టులో, వసతి గృహపు వంటశాలలో జీతము లేని కాపలాదారు అది. అది జబ్బు పడినచో ఇంటిలోని పిల్లలే దానిని ఒడిలో పెట్టుకొని మందు త్రాగింప బూనుదురు. ఆ జబ్బు మనుష్యులకు అంటునది యైనచో విషయము పిల్లితో ఆగదు. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో పశుసంవర్ధనము నాలుగవది. కావున ఈ విషయము సభ్యుల దృష్టికి తెచ్చుట ఉచితమని భావించుచున్నాము.

పిల్లి చిన్న ఆవు కాదు

మన దేశమున పశువుల వైద్య సంప్రదాయము మిక్కిలి ప్రాచీనమైనది. గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుని పేరు, ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుని పేరు ప్రసిద్ధములు. పల్లెలలో పశువుల మందులెరిగిన వారి జ్ఞానము ప్రధానముగా ఆవులకు, గేదెలకు, ఎద్దులకు, మేకలకు సంబంధించినది. ఈ జ్ఞానములో కొంత భాగము నేడు శాస్త్రజ్ఞుల ఆదరణను కూడ పొందినది. ఉదాహరణకు పాడిపశువుల పొదుగువాపునకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నము కలిపి నూరి పొదుగునకు పట్టించు పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి మండలి రైతులలో ప్రచారము చేయుచున్నది.

ఇదే ముద్దను గాయపడిన పిల్లికి పూసినచో ఏమి జరుగును? ఆవు తన పొదుగును నాకికొనదు. పిల్లి దినములో చాల భాగము తన ఒడలిని నాకికొనుచునే యుండును. దాని బొచ్చుపై పూసినదంతయు కొంతసేపటికి దాని కడుపులోనికే పోవును. కలబంద మట్ట కోసినప్పుడు కారు పసుపుపచ్చని చేదు పాలు పిల్లికి వాంతులను, విరేచనములను కలిగించును. సున్నము నోటిని, నాలుకను పొక్కించును. పిల్లి విషయములో పైపూత మందనునది లేదు, పూసినదెల్ల త్రాగించినట్లే. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొన్నను సగము ప్రమాదములు తప్పును.

రెండవ భేదము బరువు. ఆవు బరువు 300, 400 కిలోలు. ఎదిగిన పిల్లి బరువు 3 నుండి 5 కిలోలు. పశువులకు చెప్పిన మోతాదులో పదియవ వంతు, ఇరువదియవ వంతు ఇచ్చి 'కొంచెమే గదా' యనుకొనుట పొరపాటు. పదియవ వంతు ఇచ్చినను అది పిల్లి బరువునకు పదిరెట్లు మించిన మోతాదు కావచ్చును.

మూడవ భేదము అన్నింటికంటె ముఖ్యమైనది. అది కాలేయమునకు సంబంధించినది. ఒంటిలోనికి చేరిన విషపదార్థములను విరిచి, నీటిలో కరుగునట్లు చేసి, మూత్రము ద్వారా వెలుపలికి పంపుట కాలేయము చేయు పనులలో ఒకటి. పిల్లి మాంసాహారి. ఆకులలోను, వేళ్లలోను, సుగంధ ద్రవ్యములలోను ఉండు కొన్ని పదార్థములను విరిచి పంపు శక్తి, మనిషి కాలేయమునకును కుక్క కాలేయమునకును ఉన్నట్లు, పిల్లి కాలేయమునకు లేదు. అందుచేత మన ఒంటి నుండి కొన్ని గంటలలో వెడలిపోవు పదార్థము పిల్లి రక్తములో దినముల తరబడి నిలిచి విషమగును. దీనికి ఘోరమైన నిదర్శనము మూలిక కాదు, మన ఇండ్లలో జ్వరమునకు వేసికొను పారాసిటమాలు బిళ్ల. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణమును తీయగలదు. ముఖము వాచి, చిగుళ్లు గోధుమ రంగునకు తిరిగి, ఊపిరి అందక అది చనిపోవును. 'ఒంటిపై చేయి వేసిన వెచ్చగా నున్నది, జ్వరమేమో' యని ఈ బిళ్లను అరగదీసి ఇచ్చువారు కలరు. పిల్లి సహజమైన వేడి మన వేడికంటె ఎక్కువ, సుమారు 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. ఆరోగ్యముగా నున్న పిల్లియు మన చేతికి వెచ్చగానే తగులును.

వంటింటిలోని విషములు

ఏవి ఇవ్వరాదో మొదట తెలిసికొందము. ఇవన్నియు మనకు నిత్యము వాడుకలో నున్నవే.

ఉల్లి, వెల్లుల్లి: ఇవి పిల్లి రక్తములోని ఎఱ్ఱ కణములను పగులగొట్టును. పిల్లి బరువులో కిలోకు 5 గ్రాముల చొప్పున ఉల్లిపాయ చాలును. అనగా 4 కిలోల పిల్లికి 20 గ్రాములు; ఒక చిన్న ఉల్లిపాయలో సగము కంటె తక్కువ. వండినను, ఎండించినను, పొడి చేసినను విషము పోదు. వెల్లుల్లి ఇంకను తీవ్రమైనది. పురుగులు పడునని వెల్లుల్లి రసము పోయువారును, నీరసముగా నున్నదని మసాలాతో వండిన కోడిపులుసు పోయువారును ఈ సంగతి గమనింపవలెను. కీడు వెంటనే కనబడదు. రెండు మూడు దినములు గడచిన పిదప చిగుళ్లు పాలిపోవును, మూత్రము ఎఱ్ఱబడును, కొన్నిటికి కన్నులు పచ్చబడును. అప్పుడు పచ్చకామెర్లని నేల ఉసిరి నూరి పోయుదురు. ఒక మూలిక చేసిన కీడునకు మరియొక మూలికతో చికిత్స!

లవంగ నూనె, నీలగిరి తైలము, కర్పూరము: ఇవి ఘాటైన పదార్థములు. పైన చెప్పిన కాలేయపు లోపము వలన పిల్లికి సరిపడవు. జలుబు చేసిన పిల్లి ముక్కునకు నీలగిరి తైలము రాయుట, మూసిన గదిలో కర్పూరపు పొగ పట్టించుట మేలు చేయక, ఊపిరితిత్తులకును నరములకును హాని చేయును.

వేపనూనె, పొగాకు: బొచ్చులో పురుగులు చేరినప్పుడు ఈ రెండింటిలో నొకటి పూయుట పల్లెలలో పరిపాటి. పొగాకు కషాయములోని నికొటీను చర్మము ద్వారా కూడ ఒంటిలోనికి ప్రవేశించు విషము. వేపనూనె పూసిన పిల్లులలో చొంగ కారుట, వణకుట, మూర్ఛ వచ్చుట వైద్యులు చూచినదే. కుక్కల పేలకు అమ్ము కొన్ని పొడులలోను, ద్రవములలోను ఉండు పెర్మెత్రిను అను మందు కూడ పిల్లికి ప్రాణాంతకము. చామంతి జాతి పూలనుండి తీయు మందునకు ప్రతిగా రసాయనముతో చేసినది అది. పూల మందు గదా యని మోసపోరాదు. డబ్బాపై 'పిల్లులకు' అని స్పష్టముగా వ్రాసి యున్ననే వాడవలెను.

వక్క: కుక్కలకు పురుగుల మందుగా వక్కపొడిని పూర్వము వాడెడివారు. పిల్లికి అది పనికిరాదు. ఊపిరి గొట్టములలో నీరు ఊరి ఉక్కిరిబిక్కిరి యగును.

ఆముదము, ఇతర నూనెలు: పిల్లి ముక్కినప్పుడు మలబద్ధమని ఆముదము బలవంతముగా పోయుదురు. పెనుగులాటలో నూనె గొంతు దాటి ఊపిరితిత్తులలోనికి దిగినచో అది మానని న్యుమోనియాకు దారి తీయును.

గన్నేరు, ఉమ్మెత్త, అడవినాభి, జిల్లేడు, గురివింద గింజ: ఇవి పశువులకును మనుష్యులకును కూడ విషములే. శుద్ధి చేసి వాడు విధానములు గ్రంథములలో నుండవచ్చును గాని ఇంటిలో ఎవరును పిల్లిపై ప్రయోగింపరాదు. పట్టణముల నుండి తెచ్చి కుండీలలో పెంచు అసలు లిల్లీ మొక్కలు పిల్లికి పరమ శత్రువులు. వాటి ఆకైనను, పుప్పొడియైనను ఏ కొంచెము నోటికి తగిలినను మూత్రపిండములు చెడిపోవును. మన పూలకొట్లలో లిల్లీ యను పేర అమ్ము నేలసంపెంగ వేరు జాతి మొక్క; పేరును బట్టి రెంటిని ఒకటిగా భావింపరాదు.

అంగడి మందులు: ఆయుర్వేదపు అరిష్టములలోను, ఆసవములలోను పులియుట వలన పుట్టిన మద్యసారము కొంత యుండును. రసౌషధములలోను, భస్మములలోను లోహములు చేరి యుండును. ఇవి వైద్యుడు రోగియైన మనిషిని చూచి ఇచ్చునవి. పిల్లికి ఇచ్చుటకు తయారు చేసినవి కావు.

ఇంటిలో చేయదగిన పనులు

అట్లయిన ఇంటిలో ఏమియు చేయరాదా? చేయవచ్చును. పిల్లికి ఇంటిలో చేయు మంచి వైద్యములో మందు తక్కువ, పోషణ ఎక్కువ.

జబ్బు పడిన పిల్లిని సందడి లేని గదిలో, పాత బట్ట పరచిన బుట్టలో ఉంచవలెను. ప్రక్కనే శుభ్రమైన నీరు పెట్టవలెను. పాలు పోయుట మంచి పని యని మన నమ్మకము. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరగవు, విరేచనములు ఎక్కువగును. జబ్బులో పాలు మాని నీరే ఇవ్వవలెను.

చిన్న గాయమునకు ఉప్పునీరు మేలైన మందు. అర లీటరు నీటిని కాచి, ఒక చెంచా ఉప్పు కరిగించి, గోరువెచ్చన చేసి, శుభ్రమైన గుడ్డతో తుడిచిన చాలును. ఫినాయిలు, నీటిలో పోసినప్పుడు పాలవలె తెల్లబడు క్రిమిసంహారక ద్రవములు పిల్లికి విషములు. గాయముపైననే కాదు, పిల్లి పడుకొను నేలపై వాడినను కడిగి ఆరిన తరువాతనే దానిని రానీయవలెను.

కొద్దిపాటి విరేచనములకు ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన కోడి మాంసము కొంచెము కొంచెముగా రెండు మూడు మారులు పెట్టవచ్చును. చక్కగా తిని తిరుగుచున్న పిల్లికి మలము గట్టిపడినచో, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ ఒక చెంచా గాని, నీటిలో బాగుగ నానిన ఇసబ్గోలు పావు చెంచా గాని దాని మేతలో కలుపవచ్చును. ఇసబ్గోలును పొడిగా పెట్టరాదు; అది నీటిని పీల్చి ఉబ్బి, ఉన్న బాధను హెచ్చించును. మొక్కలనుండి వచ్చి పిల్లికి నిర్భయముగా పెట్టదగినవి ఇవియే, మఱి కొన్నియే. వీటితో రెండు దినములలో గుణము కనిపింపనిచో వైద్యుని చూపవలెను.

బొచ్చులోని పురుగులకు ప్రతిదినము సన్నని దువ్వెనతో దువ్వి, వచ్చిన పురుగులను సబ్బునీటిలో వేయుట, పడుకొను బట్టను వేడినీటిలో ఉతుకుట ఏ హానియు లేని ఉపాయము.

పిల్లి గరిక తినుట చూచి కొందరు కంగారు పడుదురు. అది దాని స్వభావము. తిని ఒకమారు కక్కినను భయము లేదు. పురుగుల మందు చల్లిన గట్టున మేయకుండ చూచిన చాలును. అట్లే పొలము గట్లపై మొలచు కుప్పింట మొక్కను గూర్చి ఒక మాట. దీనిని మురిపిండి యనియు అందురు. దాని వేరును పెరికినచో పిల్లి వాసన పట్టి వచ్చి, వేరును కొరికి, దానిపై పొరలాడును. ప్రకృతియే పిల్లికి మందు చూపినదని దీనిని చూచి కొందరందురు. ఆ వాసన పిల్లికి మత్తు కలిగించునే గాని, అందువలన అది రోగమునకు మందని తేలదు. కల్లు త్రాగినవాడు పరవశించినంత మాత్రమున కల్లు మందగునా?

ఆలస్యము అమృతమును విషము చేయును

పిల్లి తన బాధను దాచుకొను జంతువు. మనకు తెలియునప్పటికి రోగము చాల ముదిరి యుండును. కావున ఈ క్రింది లక్షణములు కనిపించినప్పుడు మూలికలతో కాలయాపన చేయరాదు.

మగపిల్లి మాటిమాటికి కూర్చుండి ముక్కుచు, అరచుచు, మూత్రము చుక్క రాక బాధ పడుట మొదటిది. దీనిని మలబద్ధమనుకొని ఆముదము పోసి రెండు దినములు చూచుట మిక్కిలి సామాన్యమైన పొరపాటు. నిజమునకు మూత్రనాళము మూసికొని పోయినది. ఒకటి రెండు దినములలో ఒడలెల్ల విషమై పిల్లి చనిపోవును. ఏ ఆకు రసమును ఆ అడ్డును తొలగింపలేదు. వైద్యుడు గొట్టము వేసి తీయవలసినదే.

రెండవది, రెండు దినములు ముద్ద ముట్టకుండుట. మనిషి లంఖణము చేసిన ఒడలు తేలికపడును. 'లంఖణము పరమౌషధ'మని మనకు నానుడి కలదు. పిల్లికిది వర్తింపదు. ఆకలి కాగిన పిల్లి కాలేయములో కొవ్వు చేరి, కాలేయమే పాడగును. ముఖ్యముగా బాగుగ బలిసిన పిల్లికి ఈ ప్రమాదము హెచ్చు.

మూడవది, పిల్లికూనలలో వాంతులు, నీళ్ల విరేచనములు, మగత ఒక్కుమ్మడిగా వచ్చుట. పాన్‌ల్యూకోపీనియా యను అంటువ్యాధి కావచ్చును. ఒక ఇంటిలోని కూనలన్నియు దీనివలన పోవుట కలదు. దీనికి మూలిక లేదు. ముందుగా వేయించు టీకా కలదు.

నాలుగవది, నోరు తెరచి రొప్పుట, చిగుళ్లు పాలిపోవుట గాని నీలమగుట, మూర్ఛలు, రక్తము కారుట. ఊరిలో ఎలుకల మందు పెట్టిన దినములలో ఇట్టివి కనిపించినచో, విషము తిన్న ఎలుకను పిల్లి తిన్నదేమో యని అనుమానింపవలెను. బ్రోమాడియోలోను తిన్న ఎలుకను తిన్నచో పిల్లి రక్తము గడ్డకట్టు గుణమును కోల్పోవును. దానికి విటమిన్ కె1 అను విరుగుడు వైద్యుని యొద్ద కలదు. జింకు ఫాస్ఫైడు తిన్న పిల్లి కక్కినదాని నుండి విషవాయువు వెలువడును. దగ్గరకు పోయి వాసన చూచుట మనకును ప్రమాదకరము. ఆ మందు డబ్బాను, లేక దానిపై కాగితమును వైద్యుని యొద్దకు తీసికొని పోయినచో చికిత్స సులభమగును. ఉప్పునీరు పోసి కక్కించు ప్రయత్నము చేయరాదు.

మూలికయే ఇవ్వదలచిన

పశువైద్యుని సలహాతోనే ఏదేని మూలికను వాడదలచినవారు కొన్ని నియమములు పాటింపవలెను. మొక్కను రూఢిగా గుర్తింపవలెను. ఒకే పేరు వేర్వేరు జిల్లాలలో వేర్వేరు మొక్కలకు చెల్లును. ఒక మారునకు ఒకే మూలిక ఇవ్వవలెను. పది కలిపి నూరినచో కీడు దేనివలన వచ్చినదో తెలియదు. వైద్యుడిచ్చిన మందులతో పాటు ఇచ్చుచున్నచో ఆ సంగతి దాచక చెప్పవలెను. చూడి పిల్లులకు, పాలిచ్చువాటికి, కూనలకు అసలే ఇవ్వరాదు. ముక్కు మూసి, నోరు తెరిపించి పోయరాదు. ఏది, ఎంత, ఎప్పుడు ఇచ్చినది ఒక కాగితముపై వ్రాసి యుంచవలెను. పిల్లి చొంగ కార్చినను, కక్కినను, తూలినను వెంటనే మానివేయవలెను. పొరపాటున బొచ్చుపై నూనెయో తైలమో పడినచో, నాకికొనక మునుపే కొంచెము సబ్బుతో గోరువెచ్చని నీట కడిగి, తుడిచి, వెచ్చగా ఉంచి వైద్యుని యొద్దకు తీసికొని పోవలెను.

మనిషి ప్రాణము మాట

పిచ్చి కుక్కను గూర్చి అందరు ఎరుగుదురు. అదే రేబిస్ వ్యాధి పిల్లికిని వచ్చునని, పిల్లి కాటు వలనను గోటిగీర వలనను మనిషికి సోకగలదని ఎరిగినవారు తక్కువ. సాధువైన పిల్లి అకారణముగా కరవ వచ్చుట, చీకటి మూలలలో దాగుట, గొంతు మారుట, చొంగ కార్చుట, మ్రింగలేకుండుట ఈ వ్యాధి లక్షణములు. ఇట్టి పిల్లిని చూచి గొంతులో ముల్లు గ్రుచ్చుకొన్నదని నోరు తెరచి వ్రేలు పెట్టుట, పసరు పోయుట ఎంతటి సాహసమో చెప్పనక్కరలేదు. లక్షణములు కనబడిన పిదప ఈ వ్యాధికి పిల్లికి గాని మనిషికి గాని మందు లేదనియే చెప్పవలెను. అట్టి పిల్లిని తాకక, గదిలో తలుపు మూసి యుంచి పశువైద్యునికి కబురు పంపవలెను.

పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు గీరినను గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పారు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసుపు, ఆకుపసరు ఏదియు గాయముపై వేయరాదు. పిదప ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో టీకాలు మొదటి దినమును, అటుపై 3వ, 7వ, 28వ దినములను వేయుదురు. రక్తము చిందిన గాయమైనచో గాయముచుట్టును వేరొక మందును కూడ ఇత్తురు. నాటుమందు మ్రింగించి తగ్గినదని అనుకొన్న సందర్భములలో నిజమునకు ఆ కరచిన జంతువునకు వ్యాధియే లేకుండ యుండును. వ్యాధి యున్న జంతువు కరచినప్పుడు నాటుమందుపై ఆధారపడుట ప్రాణముతో పందెము వేయుటయే. కుక్కల వలన వచ్చు రేబిస్ మరణములను 2030 నాటికి లేకుండ చేయవలెనని మన దేశము 2021లో జాతీయ ప్రణాళికను ప్రకటించినది. ఊరూరను పంచాయతీలు పూనుకొననిదే అది నెరవేరదు.

పంచాయతీ చేయగల పనులు

ఈ విషయములో పంచాయతీ చేయగల పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

సంచార పశువైద్యశాలను పిలుచు 1962 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపైనను, పాల కేంద్రము యొద్దను, పాఠశాల యొద్దను పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. ఆ వాహనములు ప్రధానముగా పాడిపశువులకు ఉద్దేశింపబడినవైనను, ఏమి చేయవలెనో, ఏ వైద్యశాలకు పోవలెనో తెలిసికొనుటకు ఆ పిలుపు తోడ్పడును.

ప్రతి సంవత్సరము జూలై 6వ తేదీని జంతువుల నుండి మనుష్యులకు సోకు వ్యాధులపై అవగాహన దినముగా పాటింతురు. 1885లో ఆ దినముననే లూయీ పాశ్చరు రేబిస్ టీకాను ఒక బాలునికి మొదటిసారి వేసెను. ఆ సందర్భమున పశుసంవర్ధక శాఖవారు జరుపు టీకా శిబిరములకు జనులు కుక్కలను తెత్తురు గాని పిల్లులను తేరు. మూడు నెలలు నిండిన ప్రతి పిల్లికి టీకా వేయించి, ఏటేట మరల వేయింపవలెనని చాటింపు వేయించుట సభ్యుల చేతిలోని పని. పిల్లిని ఒడిలో పెట్టుకొని తెచ్చిన బెదరి పారిపోవును. వెదురు బుట్టలోనో, మూత గల పెట్టెలోనో తేవలెనని కూడ చెప్పుట మంచిది.

ఎలుకల మందు సామూహికముగా పెట్టు దినములను ముందుగా తెలియజేసి, ఆ దినములలో పిల్లులను ఇంటిలో కట్టడి చేయుమనుట, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టించుట అవసరము. మందు పేరును పంచాయతీ రిజిస్టరులో వ్రాసి యుంచినచో, పొరపాటున పసిపిల్లలు తిన్నను వైద్యునికి అది ఉపకరించును.

ఊరిలో పశువుల మందులు తెలిసిన పెద్దలను చులకన చేయరాదు. వారిని పశువైద్యునితో కలిపి గ్రామసభలో కూర్చుండబెట్టి, ఏ మందు ఏ జంతువునకు పనికివచ్చును, దేనికి పనికిరాదు అను విషయము చర్చింపజేయుట ఉభయులకును లాభము. పొదుగువాపు మందు తెలిసిన వ్యక్తికి అది పిల్లికి పనికిరాదని తెలిసినచో, ఆ మాట ఊరు వినును. మా వంటివారు వ్రాసిన పది వ్యాసములకంటె ఆ ఒక్క మాటకు విలువ యెక్కువ.

జంతువులపై క్రూరత్వమును నివారించు చట్టము 1960లో వచ్చినది. జంతువును తన స్వాధీనమున ఉంచుకొన్నవాడు దాని క్షేమమును చూడవలెనని, దానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెనని ఆ చట్టము విధించుచున్నది. జీవులయెడ దయ కలిగి యుండుట పౌరుల ప్రాథమిక విధిగా 1976లో రాజ్యాంగమున చేరినది. పిల్లికి తెలియక విషము పోసినవాడు క్రూరుడు కాడు. దానిని బ్రతికింపవలెనను తాపత్రయముతోనే ఆ పని చేసినాడు. ఆ తాపత్రయమునకు కొంత తెలివిడి తోడైన చాలును. పెరటి చెట్టు మందుకు పనికివచ్చును. కాని ఎవరికి, ఎంత, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిదపనే. ఆ సమాధానము తెలియనప్పుడు ఆకును చెట్టుననే యుంచి, పిల్లిని బుట్టలో పెట్టుకొని పశువైద్యశాలకు దారి తీయుట ఉత్తమమని సభ్యులు తమ గ్రామములలో తెలియజేయుదురు గాక.